ఆకు కింద కాణీ

తాడేపల్లిగూడెం రైసుమిల్లులో గుమాస్తాగా ఉన్న నా పాత శిష్యుడొకడు ఈ మధ్య ఏలూరు వచ్చి నా అరుగు మీద కూర్చున్నాడు. ధాన్యం ధర పడిపోయిందని అరగంట చెప్పాడు. మిల్లు యజమాని పిసినారితనం గురించి మరో అరగంట చెప్పాడు. వెళ్ళడానికి లేచి గొడుగు చేతిలోకి తీసుకుంటూ, "అన్నట్టు మేస్టారూ, కాలువ గట్టు హోటల్లో మీకు వడ్డించే సర్వరుగారు ఉండేవారు చూడండి, ఆయన పోయారండి. గూడెంలోనే, వాళ్ళ చెల్లెలుగారింట్లో. నాలుగు రోజులైందండి," అన్నాడు.

చెప్పవలసిన మాట అదొక్కటే. దాన్ని వాడు అన్నిటికన్నా చివర చెప్పాడు. వాడిని తప్పుపట్టను. వాడికి పాఠం చెప్పింది నేనే.

ఈ ఊళ్ళో పెద్దమనుషులు పోతే పత్రికల్లో పడుతుంది. ఒక జమీందారుగారికి జ్వరం వస్తే కూడా పడుతుంది. ముప్పై ఏళ్ళపాటు ఊరందరికీ అన్నం వడ్డించిన మనిషి పోతే ఎవరూ వేయరు. ఈ పత్రికవారు ఇదివరకు నా ఉత్తరాలు రెండు తిప్పి పంపారు. ఇది వేస్తే ఆ రెండూ మరిచిపోతాను. వేయకపోతే మూడూ గుర్తుంచుకుంటాను.

పాఠకులకు నేనెవరో చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ఏలూరు హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. రిటైరు చేశారనాలి. కమిటీవారికి నా నోరు పడలేదు. నా భార్య పోయిన దగ్గరనుంచీ నా భోజనం కాలువ గట్టు మీది హోటల్లోనే. నెల టిక్కెట్టు, రెండు పూటలు. పదేళ్ళ పైచిలుకు ఆ మనిషి చేతి అన్నం తిన్నాను. హోటల్లో ఆయనకు పేరుండేది కాదు. అందరికీ "సర్వరు". నేనూ "ఏమయ్యా" అనే పిలిచేవాణ్ణి.

ఆయన పొట్టిగా ఉండేవారు. ఎడమ భుజం మీద మడత చెదరని తుండు, మోకాలి కింది దాకా ఎగగట్టిన పంచె. నడక మాత్రం చప్పుడు లేని నడక. మీరు తలెత్తేసరికి ఎదురుగా ఉండేవారు, తల దించేసరికి పక్క ఆకు ముందుండేవారు. చాలామంది సర్వర్లు "ఇంకాస్త వేయమంటారా?" అని అడుగుతారు. ఆయన అడిగేవారు కాదు. అన్నం పాత్రతో ఆకు ముందు ఒక్క క్షణం నిలబడేవారు. తినేవాడు చెయ్యి అడ్డం పెడితే ముందుకు కదిలేవారు, పెట్టకపోతే వడ్డించేవారు. అదేమిటని ఒకసారి అడిగాను.

"అడిగితే మొహమాటం ఉన్నవారు వద్దంటారండి. ఆకలి మీదున్నవారికి అవునని చెప్పడానికి సిగ్గు. ఊరికే కాసేపు ఆగితే సరిపోద్దండి," అన్నారు.

నేను నా జీవితంలో ఎన్నో పుస్తకాలు చదివాను. మనుషుల మొహమాటం గురించి అంత పొదుపుగా చెప్పినది ఒక్కటీ గుర్తు రావడం లేదు.

ఆయనకు ఇంకో అలవాటుండేది. భోజనాలయ్యాక గుమ్మం దగ్గర నిలబడి ఖాళీ ఆకుల వరుస చూసేవారు. ఎవరు కూర వదిలేశారు, ఎవరు పులుసు రెండోసారి కావాలనుకుని ఊరుకున్నారు, ఎవరికి ఒంట్లో బాగాలేదు, అన్నీ ఆకుల్లో చదివేవారు. ఒకనాడు నేను కందిపచ్చడి ముట్టకుండా లేచాను. మర్నాడు నా ఆకులో పచ్చడి వేయలేదు. దానికి బదులు రెండు ముద్దలకు సరిపడా మెంతి మజ్జిగ వచ్చింది. నా కడుపులో మంట సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

ఇక అసలు విషయం. హోటలు యజమాని ఆయనకు నెలకు నాలుగు రూపాయలిచ్చేవాడు. రెండు పూటలా తిండి. పెంచమని ఎవరైనా సర్వరు అడిగితే యజమాని దగ్గర ఒకటే సమాధానం: "భోంచేసేవారు ఇస్తూనే ఉన్నారుగా!" ఆ యజమాని పేరు రాయను. రాస్తే అచ్చులో పేరు చూసుకుని సంతోషిస్తాడు.

ఈ ఇనాముల ఆచారం నాకెప్పుడూ వింతగానే ఉండేది. జీతం ఇవ్వవలసినవాడు, ఆ పనిని మన జాలికి ఒప్పజెప్పి తాను చక్కగా పక్కకు తప్పుకుంటాడు. మనం కాణీ పడేసి దానకర్ణుల్లా లేస్తాం. పుచ్చుకున్నవాడు దణ్ణం పెట్టాలి. తన పనికి తాను కూలి తీసుకున్నవాడు ఎందుకు దణ్ణం పెట్టాలి? ఇంత ఆలోచించిన నేను ఏం చేశానంటారా? మిగతావాళ్ళ మాదిరే నేనూ కాణీ ఇచ్చాను. కాకపోతే ఇచ్చే పద్ధతి మార్చాను.

ఇంగ్లీషువారి యాత్రల పుస్తకం ఒకటి చదువుతుంటే ఒక సంగతి కనిపించింది. వారి దేశంలో తిన్నవారు ఇనాము చేతికివ్వరట. పళ్ళెం అంచు కింద పెట్టి వెళతారట. ఇచ్చేవాడు పుచ్చుకునేవాడి మొహం చూడనక్కర్లేదు, పుచ్చుకునేవాడు తల వంచనక్కర్లేదు. ఇది మర్యాదగా ఉందనిపించింది. మన దగ్గర పళ్ళెం లేదు, ఆకు ఉంది. ఎంగిలి తగలకుండా, భోజనం మొదలు పెట్టకముందే ఎడమచేత్తో ఆకు చివర కింద కాణీ దోపాను. ముందే పెడితే నెయ్యి మీద దాని ప్రభావం ఉంటుందేమోనన్న ఆశ కూడా ఉంది. నిజం రాయాలి కదా.

ఆయన చూశారు. నెయ్యి గరిటెతో నా ముందు నిలబడి, నా వేళ్ళు ఆకు కింద నుంచి బయటికి రావడం చూశారు. అందరికీ ఎంత వేశారో నాకూ అంతే వేశారు.

నేను తిని లేచాను. ఆకు తీసేది ఎవరో నాకు తెలియక కాదు. ఆ హోటల్లో జాతులవారీగా గదులు వేరు చేశారు గానీ అన్ని గదుల్లో ఆకులూ ఒకే ఆవిడ తీసేది. కొల్లేటికోట మనిషి. కొల్లేరు పొంగిన సంవత్సరం ఇల్లూ పడవా పోతే, ఉన్న ఒక్క గేదెనూ తోలుకుని ఏలూరు వచ్చి, తమ్మిలేరు గట్టున పాక వేసుకుంది. ఆకులు ఎత్తి, నేల కడిగి, మళ్ళీ నీళ్ళు చిలకరించి తర్వాతి వరుసకు సిద్ధం చేసేది. ఆకు తీసినప్పుడు కాణీ దొరికితే సర్వరుకు ఇస్తుందని నేననుకున్నాను. అనుకున్నాను అని కూడా కాదు. అసలు ఆవిడ గురించి ఆలోచించలేదు. తలుపు తీసినప్పుడు గడియ గురించి ఎవరు ఆలోచిస్తారు?

అలా రోజుకో కాణీ. వారం గడిచింది. నెల గడిచింది. ఆయన నాకొక నవ్వు నవ్వలేదు. ఒక దణ్ణం లేదు. "మేస్టారూ" అన్న పిలుపులో అంగుళం తేడా రాలేదు. పళ్ళెం కింది మర్యాద నేను కనిపెట్టింది దణ్ణాలు వద్దనే. దణ్ణం రాకపోయేసరికి మాత్రం మనసు నొచ్చుకుంది. ఈ చోద్యం నాకు అప్పుడు తోచలేదు.

సరే, పరీక్ష చేద్దామనుకున్నాను. చరిత్ర మేస్టారికి సాక్ష్యం కావాలి కదా. ఒక వారం కాణీ పెట్టడం మానేశాను. నెయ్యి అంతే. పులుసులో ముక్కలు అన్నే. తర్వాతి వారం రెండేసి కాణీలు పెట్టాను. నెయ్యి అంతే. కాకపోతే ఆ వారం ఒక తమాషా జరిగింది. నేను కూర్చునే చోట నేల అద్దంలా ఉండేది. వానకు తడుస్తున్న నా చెప్పులు ఎవరో చూరు కిందికి జరిపేవారు. ఆహా, మనిషి బిడియస్తుడు, ఇలా తీర్చుకుంటున్నాడన్నమాట అనుకున్నాను. చెప్పులు జరిపిన చెయ్యి ఎవరిదో తొంగి చూడాలని కూడా తోచలేదు.

కొన్నాళ్ళకు మరో వింత. ఇంతకు ముందు సర్వరు చేతిలో కాణీ పెట్టే ప్లీడర్లు, గుమాస్తాలు అందరూ ఆకు కింద పెట్టడం మొదలుపెట్టారు. ఎవరైనా కాణీ చేతికివ్వబోతే ఆయన, "చేతిలో గిన్నె ఉందండీ. మేస్టారిలాగా ఆకు కింద పెట్టేయండి," అనేవారు. "ఇదేదో బాగుందయ్యా!" అన్నాడొక ఖద్దరు ప్లీడరు. దేశ స్వాతంత్ర్యం గురించి విస్తరి ముందు గంటసేపు ఉపన్యసించి, రెండోసారి పెరుగు అడిగి, ఏనాడూ ఏమీ పెట్టని మనిషి ఆయన. ఆ తర్వాత కూడా పెట్టలేదనుకోండి. పద్ధతిని మెచ్చుకుని ఊరుకున్నాడు.

ఊరు మీద నా ముద్ర ఒకటైనా పడిందని లోలోపల సంబరపడ్డాను. ఏడేళ్ళు గడిచాయి.

ఆ రోజు ఏదో పెళ్ళివారు దిగడంతో హోటలు కిటకిటలాడుతోంది. ఆకులు త్వరగా తీయించాలని యజమాని స్వయంగా లోపలికి వచ్చాడు. తిని లేచిన ఎదుటి వరుసలో కొల్లేటికోట ఆవిడ ఆకు ఎత్తింది. ఎత్తుతూనే అలవాటు చొప్పున అరచెయ్యి నేల మీద ఒకసారి తుడిచినట్టు పోనిచ్చింది. తడి చేతిలోంచి కాణీ జారి, గచ్చు మీద దొర్లుకుంటూ పోయి యజమాని కాలి దగ్గర పడింది.

"ఏంటే ఇది?"

యజమాని పక్క ఆకు ఎత్తి చూశాడు. దాని కిందా ఉంది.

"ఎన్నాళ్ళనుంచే ఈ దోపిడీ? కొంగు విప్పు!"

మా వరుసలో అందరం ఇంకా తింటున్నాం. ఒక్కరమూ తల పూర్తిగా ఎత్తలేదు. సర్వరు పులుసు గిన్నె పట్టుకుని మా వరుస మధ్యలో ఉన్నారు. అక్కడినుంచే అన్నారు: "అవి ఆవిడకిచ్చినయ్యేనండి."

"ఆవిడకెవరిస్తారయ్యా? ఎంగిలాకులెత్తే మనిషికి ఇనామా?"

"జీతం లేదు కదండీ ఆవిడకి."

"జీతమెందుకు? ఆకులన్నీ తనవే కదా! గేదెకి మేపుకోమనలేదా? ఊరికే పోతున్నాయా అన్ని ఆకులు?"

"గేదె చచ్చిపోయి రెండేళ్ళైందండి. నేనప్పుడే వచ్చి జీతం ఇప్పించమని అడిగాను కదండీ. మరిప్పుడు ఆకులు ఆవిడ తింటదా అండీ?"

ఎవరో కిసుక్కున నవ్వారు. యజమాని మొహం ఎర్రబడింది. "నోరు లేచిందే! ఆవిడకిచ్చారని ఎవరు చెప్పారు నీకు?"

అప్పుడు ఆయన నా వైపు తిరిగారు. పదేళ్ళలో ఆయన నన్నొక్కటీ అడగలేదు. అదే మొదలు.

"మేస్టారుగారిని అడగండి. ఆయనే మొదలెట్టారండి ఈ పద్ధతి. ఆవిడకనే కదండీ మేస్టారూ, మీరు పెట్టింది?"

పాఠకులారా, అవునంటే సరిపోయేది. ఒక్క మాట. ఒక ఆడమనిషి దొంగ కాకుండా పోయేది. హైస్కూలు మేస్టారు అన్న మాటను పదిమంది ముందు కాదనేంత ధైర్యం ఆ యజమానికి లేదు. కానీ ఆ క్షణంలో నాకు తోచినది వేరు. ఏడేళ్ళుగా నేను ఇస్తున్నది ఈయనకు చేరలేదన్నమాట! నాతో ఒక్క మాట అనకుండా నా ఇనామును మళ్ళించాడన్నమాట! నన్ను వెర్రివాణ్ణి చేశాడన్నమాట! పైగా నేను అబద్ధమాడని మనిషినని ఊరంతా పేరు. కమిటీవారితో తెగిందీ అక్కడే.

"లేదు. నేను సర్వరుకనే పెట్టాను," అన్నాను.

గొంతు పాఠం చెప్పినట్టే స్పష్టంగా వచ్చింది.

"మేస్టారు కోర్టులో సాక్ష్యానికి పనికొస్తారండోయ్!" అన్నాడు ఖద్దరు ప్లీడరు, చారు జుర్రుకుంటూ.

యజమాని తీర్పు చెప్పేశాడు. సర్వరు తన మనిషి, కాబట్టి సర్వరుకిచ్చింది హోటలుది. ఆవిడను ఆ నిమిషమే పొమ్మన్నాడు. ఆవిడ ఎత్తిన ఆకులు తొట్టిలో వేసి, చేతులు కడుక్కుని, కొంగులో ఉన్న రెండు కాణీలూ గడప మీద పెట్టి వెళ్ళింది. నా వైపు చూసిందో లేదో తెలియదు. నేను ఆకు వైపు చూస్తున్నాను.

సర్వరు వడ్డన ఆపలేదు. పులుసు ముగించారు. పెరుగు తెచ్చారు. మజ్జిగ తెచ్చారు. వరుసలో ఒక్కొక్కరి దగ్గరా ఎప్పటిలాగే క్షణమాగి కదిలారు. నా దగ్గరికి వచ్చి ఆగారు. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు, తీయలేదు. అప్పుడు మాత్రం, వడ్డనలో మొదటిసారి, అడిగారు.

"మజ్జిగ పోయమంటారా అండీ?"

పోయించుకున్నాను. వరుస లేచాక ఆయన గిన్నెలు తోముకుని, బోర్లించి, తుండు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ ఆ హోటలు మెట్లు ఎక్కలేదు.

మూడో రోజుకు గల్లా దగ్గర రేకు డబ్బా ఒకటి వెలిసింది. "ఇనాములు ఇందులో వేయవలెను." డబ్బా ఉంది కదా అని మిగిలిన సర్వర్ల జీతాల్లో తలా ఒక రూపాయి తగ్గించారు. డబ్బా తాళంచెవి యజమాని మొలతాడుకు ఉండేది. నేను ఈ అన్యాయం గురించి పత్రికకు ఉత్తరం రాశాను. ప్రజలకు ప్రయోజనం లేని విషయమని తిప్పి పంపారు. నేను హోటలు మానేశాననుకుంటారేమో. నెల టిక్కెట్టుకు ఇంకా పదకొండు రోజులున్నాయి. ఆ పదకొండు రోజులూ తిన్నాను. తర్వాతే మానేశాను.

ఆ తర్వాత రెండేళ్ళకు కాబోలు, తాడేపల్లిగూడెం స్టేషనులో పాసింజరు కోసం కూర్చుని ఉంటే ఎవరో ఎదురుగా వచ్చి ఆగారు. ఏమీ అనకుండా ఆగారు. తలెత్తకుండానే ఎవరో తెలిసింది.

"ఏమండీ, బాగున్నారా?" అన్నాను. ఆయనను నేను అండీ అనడం అదే మొదలు. ఆయనా గమనించారు. నవ్వారు.

"బాగున్నామండి. పెళ్ళిళ్ళకి వంటలూ వడ్డనలూ ఒప్పుకుంటున్నానండి. అత్తిలి వెళుతున్నాను. మీ కడుపు మంట తగ్గిందాండి?"

తగ్గలేదన్నాను. రెండు కడుపు మంటలకూ కలిపి చెప్పానని ఆయన గ్రహించారో లేదో. బల్ల మీద కూర్చోమన్నాను. కూర్చోలేదు. నాకున్న ప్రశ్నలన్నీ ఒక్కసారిగా అడిగాను. ముందు నెయ్యి సంగతి అడిగాను. పెట్టిన వారానికీ పెట్టని వారానికీ తేడా ఎందుకు లేదని.

"గరిటెకి మొహాలు తెలీవు కదండీ," అన్నారు. "అది తెలుసుకోడం మొదలెడితే ఇక అది గరిటె కాదండి, తక్కెడే."

"మరి నాతో ఒక్క మాట చెప్పచ్చు కదా? ఆవిడకు పెట్టమంటే పెట్టనా?"

ఆయన కాసేపు ఆలోచించారు. ఆయన ఆలోచిస్తే అన్నం పాత్ర పట్టుకున్నట్టే నిలబడేవారు.

"పెట్టేవారేమోనండి. నాలుగు రోజులు. మీరని కాదండి, ఎవరైనా అంతే. వడ్డించేవాడు ఎదురుగా కనపడతాడండి. మొహం చూసి ఇస్తారు. తినేశాక ఆకు వంక ఎవరూ చూడరండి. ఆకు తీసేవారిని అసలే చూడరు. మీరు కాణీ పెట్టిన రోజున నాకు తట్టిందండి, ఇది చూడకుండానే ఆవిడకి చేరిపోద్ది కదా అని."

"మీకు వద్దా?"

"ఎందుకొద్దండీ? ఇద్దరు పిల్లలు. కాపోతే నాకు నాలుగు రూపాయలన్నా ఉందండి. ఆవిడకి ఆకులే. అయినా మేస్టారూ, నాకు కావాల్సింది మీ కాణీ కాదండి, జీతం. మీ కాణీ మీ ఇష్టమండి. ఇష్టమొకరోజు ఉంటది, ఒకరోజు ఉండదు. ఇంట్లో పొయ్యి రోజూ వెలగాలి కదండీ."

నా పొరపాటును ఆయన ఒక ఆచారంగా మార్చారు. దాన్ని నేను ఒక్క నిజంతో కూలగొట్టాను. ఈ మాట ఆయనతో అనలేకపోయాను. "కోపం ఉందా?" అని మాత్రం అడిగాను.

"కోపముంటే మజ్జిగ పోస్తానా అండీ?" అన్నారు. రైలు వస్తున్న చప్పుడైంది. సంచీ ఎత్తుకుంటూ, "ఆవిడ నాతోనే వస్తుందండి పనులకి. ఎవరన్నా వంటకి పిలిస్తే ముందు ఆకులు తీసేవారి కూలి మాట్లాడతానండి. అది తేలాకే నాది. కొంతమంది నవ్వుతారు. ఇదేం వంటవాడయ్యా, చివరినుంచి మొదలెడతాడు అంటారు. ఒప్పుకుంటారండి చివరికి. ఆకులు తీసేవారు లేకపోతే రెండో వరుస కూర్చోదు కదండీ," అన్నారు.

నేను చదివిన అర్థశాస్త్రమంతా వెతికినా రెండో వరుస గురించి ఎవరూ రాయలేదు.

మొన్న పన్నెండో రోజు భోజనాలకు పొద్దుటి పాసింజరులో గూడెం వెళ్ళాను. ఎవరూ పిలవలేదు. చెల్లెలుగారు నన్ను చూసి, "మీరు ఏలూరు మేస్టారు కాదాండి? అన్నయ్య చెప్పేవాడండి. రండి, కూర్చోండి," అని తాటాకు పందిట్లో వరుసలో కూర్చోబెట్టారు. ఏం చెప్పేవాడో అడిగే ధైర్యం లేకపోయింది. వడ్డించేవాళ్ళు ఆయన దగ్గర పని నేర్చినవాళ్ళే అయి ఉండాలి. అన్నం పాత్రతో ఒక క్షణం ఆగి కదులుతున్నారు.

తిని, చెయ్యి కడుక్కుని వచ్చేసరికి పందిట్లో ఆవిడ ఆకులు తీస్తోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. నా ఆకు దాకా వచ్చి నన్ను చూసి ఆగింది.

"మేస్టారూ. బాగున్నారాండి?"

ఇన్నేళ్ళుగా మనసులో దిద్ది పెట్టుకున్న వాక్యం ఒకటుంది. అది చెప్పడానికే వెళ్ళానేమో కూడా. "అమ్మా, ఆ కాణీలు నీకనే పెట్టాను," అన్నాను. నా జీవితంలో తెలిసి ఆడిన అబద్ధాలు తక్కువ. ఇది ఆడాలని అయిదేళ్ళు ఆలస్యంగా నేర్చుకున్నాను.

ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"ఆయ్, తెలుసండి. మొదట్రోజే సెప్పారండి ఆయన. మేస్టారు నీకోసమని పెట్టారు, తీసుకో, నాకివ్వకు అని. నేనందుకే కదండీ మీ సెప్పులు వానలో తడవకుండా జరిపేదాన్ని."

"మరి ఆ రోజు..." అన్నాను.

"ఆవేళ మీరు అలా అనకపోతే ఆ యజమాని మీ టిక్కెట్టు తీసేసేవాడంట కదండీ? పెద్ద వయసులో మీకు అన్నం దొరకదని భయపడ్డారంట. నేను కాలువ గట్టు మీదే కూకునుంటే, పని వదిలేసి వచ్చి, దార్లో ఆయనే సెప్పారండి. మేస్టారిని ఏవీ అనుకోకు, పాపం, ఇంట్లో వండిపెట్టేవారు లేరు అని. నేనేవీ అనుకోలేదండి."

హోటలు నుంచి వెళ్ళగొట్టిన ఆవిడతో, తానూ పని వదులుకుని వస్తూ, తమ్మిలేరు గట్టు దాకా నడిచిన ఆ దారిలో ఆయన చేసిన పని అది. నేను నిజం చెప్పి ఆవిడను దొంగను చేశాను. ఆయన అబద్ధం చెప్పి నన్ను మంచివాణ్ణి చేశారు. నా దగ్గర దానికి సరిచేయవలసిన వాక్యం సిద్ధంగానే ఉంది. చెబితే నాకు తేలికగా ఉండేది. కానీ ఆయన పెట్టి వెళ్ళినదాన్ని తీసేయడానికి నేనెవణ్ణి? ఊరుకున్నాను. అడగకుండా, చెప్పకుండా, ఆయనలాగే కాసేపు ఆగాను.

ఆవిడ వంగి నా ఆకు రెండు చివరలూ పట్టుకుని ఎత్తింది. ఆకును ఎడమచేతికి మార్చుకుని, కుడి అరచెయ్యి తడి నేల మీద మెల్లగా ఇటునుంచి అటు పోనిచ్చింది. అక్కడ ఏమీ లేదు. ఉండదని ఆవిడకూ తెలుసు. చెయ్యి మాత్రం చివరిదాకా వెళ్ళి, ఆకు అంచు ఉండే చోట ఒక్క క్షణం ఆగి, పక్క ఆకుకు కదిలింది.